ఏడో కిలోమీటరు దగ్గర

సోమవారం పొద్దున పదింటికి వదిన బండి మీదే షెడ్డుకు వచ్చింది. బండి చక్కగా నడుస్తూనే వచ్చింది. అసలు చిక్కంతా అందులోనే ఉంది. ఈ రెండు నెలల్లో ఆమె దాన్ని ఇక్కడికి తేవడం ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ అది ఏ పాపమూ ఎరగనట్టు నిలబడుతుంది. తెల్లవారుజామున, వెనక పెట్టె నిండా రొట్టెలతో వెళ్తున్నప్పుడు మాత్రం దారి మధ్యలో ఆగిపోతుంది.

"ఇవాళ కూడా ఆగింది," అంది వదిన, హెల్మెట్ తీసి చేతికి తగిలించుకుంటూ.

"ఎక్కడ?" అన్నాడు ఆమె మరిది, ఆ షెడ్డు మెకానిక్కు.

"ఎక్కడేమిటి? దానికి కుదిరిన చోటు ఉందిగా. వంతెన దాటాక ఎత్తు మీద. ఇంటి దగ్గర్నుంచి ఏడో కిలోమీటరు. అక్కడ ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఆగుతుంది."

పక్కన పంచర్లు వేసే పెద్దాయన నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచుతూ, "దయ్యమేమోనమ్మా," అన్నాడు.

"దయ్యమైతే బతిమాలుకోవచ్చు పెద్దాయనా. ఇక్కడికి తెస్తే మా మరిది కాయిల్ మారుస్తాడు."

పెద్దాయన పకపకా నవ్వాడు. మెకానిక్కు నవ్వలేదు. కాయిల్ మార్చిన మాట నిజమే.

"పదినిమిషాలు ఆగితే మళ్లీ నడిచింది కదూ?"

"నడిచింది. ఆ పది నిమిషాల్లోనే ఆస్పత్రి వంటగదిలో గడియారం ఆరున్నర చూపించింది. మూడుసార్లు ఆలస్యం అయింది. ఇంకోసారి ఆలస్యమైతే రావొద్దని ఇన్‌చార్జి చెప్పేసింది." వదిన బండి సీటు మీద లేని దుమ్మును తుడిచింది. "షోరూములో మాట్లాడాను. పాత బండి తీసుకుని కొత్త స్కూటర్ ఇస్తారట. శుక్రవారం రమ్మన్నారు. ఆలోపు దీని జబ్బేదో నీకు దొరికితే సరే. దొరక్కపోతే దీన్ని ఇచ్చేస్తాను."

మెకానిక్కుకు ఆ మాట మింగుడు పడలేదు. అది అతని అన్న బండి. పని నేర్చుకునే రోజుల్లో అతను మొదట విప్పింది దీన్నే. విప్పి, బిగించడం రాక, రెండు రోజులు అన్నకు మొహం చూపించలేదు. పదిహేనేళ్ల కిందట ఒక పొద్దున అన్న చేతిసంచితో బస్సెక్కాడు. బండిని ఇంటి ముందు వదిలి, తాళం కిటికీలో పెట్టి, పని దొరగ్గానే కబురు చేస్తానన్నాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండోదాంట్లో బండిని వానలో ఉంచొద్దని రాశాడు. తర్వాత ఏమీ రాలేదు. వదిన బండి నడపడం నేర్చుకుంది. ఇంటి ముందు గదిలో ఓవెన్ పెట్టుకుని రొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. మెకానిక్కు బండిని బాగుచేస్తూ వచ్చాడు. ఆయిలు మార్చడానికో, చెయిన్ బిగించడానికో ఆమె వచ్చేది. వచ్చినప్పుడు స్టూలు మీద కూర్చుని అరగంట కబుర్లు చెప్పేది. ఇద్దరి మధ్య మిగిలిన చుట్టరికం ఆ అరగంటే.

"దొరుకుతుంది," అన్నాడతను.

"నాలుగుసార్లూ అదే అన్నావు. ఇది నీ దగ్గరున్నన్నాళ్లూ రొట్టెలు ఆటోలో వేసుకెళ్తాను," అని వదిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఇంజన్ ఆగడానికి లోకంలో రెండే దారులున్నాయి. నిప్పు అందకపోవడం ఒకటి, పెట్రోలు అందకపోవడం ఇంకొకటి. నిప్పు అందకపోతే దీపం ఆర్పినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే దగ్గుతుంది, తూలుతుంది, ఇంకాస్త దూరం వస్తానని బతిమాలుతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. మొదటిసారి బండి తెచ్చినప్పుడే అతను అడిగాడు: "టక్కున ఆగుతుందా, దగ్గి ఆగుతుందా?" "టక్కున," అంది వదిన. ఆ ఒక్క మాట మీద రెండు నెలల పని నడిచింది. ప్లగ్గు మార్చాడు. వేడెక్కితే ఆగి, చల్లారితే నడుస్తోంది కాబట్టి ప్లగ్గుకు నిప్పు పంపే కాయిల్ మార్చాడు. ట్యాంకు ఎత్తి కింద వైర్లన్నీ వేలితో తడిమి, ఒరిసిన చోట టేపు చుట్టాడు. మూడోసారి, పట్టుకోడానికి ఇంకేమీ లేక, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పి కడిగాడు.

"బండికి కొత్తగా ఏమైనా చేయించావా?" అని కూడా అడిగాడు.

"ఏమీ చేయించలేదు," అని ఆమె ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పింది.

మంగళవారం అతను ఇంకే పనీ ముట్టుకోలేదు. రొట్టెల బరువుకు సరిపడా ఇసుక సంచి వెనక కట్టి, తన సీసాను హ్యాండిలుకు వేలాడదీసి బయల్దేరాడు.

ఆ సీసా గురించి చెప్పాలి. అతన్ని చుట్టుపక్కల వాళ్లు సీసా మేస్త్రి అనేవారు. పని నేర్చుకునే రోజుల్లో ఒక బండాయన, ట్యాంకులో పెట్రోలు తగ్గిందని, కుర్రాడు దొంగిలించాడని నలుగురిలో అన్నాడు. ట్యాంకు అడుగున కారుతోందని సాయంత్రానికి తేలింది. అయినా ఆ చూపు అతని ఒంటిమీద నుంచి దిగలేదు. సొంత షెడ్డు పెట్టుకున్న నాడే గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాడు: మీ పెట్రోలు జోలికి రాము. ఏ బండి వచ్చినా ట్యాంకు నుంచి వచ్చే ట్యూబు తీసి పక్కన పెట్టి, తన సీసా ట్యూబు కార్బురేటరుకు తగిలిస్తాడు. తన పెట్రోలుతోనే ఇంజన్ చూస్తాడు, తన పెట్రోలుతోనే తిరిగి వస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క ట్యాంకు మూత కూడా తీసి ఎరగడు. అమ్మ చేతి గాజులు కూడా అతని దగ్గర భద్రంగా ఉంటాయని పెద్దాయన అనేవాడు. వెక్కిరింపుగా అన్నాడో, మెచ్చుకోలుగా అన్నాడో తెలిసేది కాదు.

ఆ రోజు అతను వంతెన దాటి, ఎత్తు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. నాలుగుసార్లు. వేలాడే సీసాను చూసి బస్సులోవాళ్లు వేళ్లు చూపించి నవ్వారు. బండి ఆగలేదు. ఏడో కిలోమీటరు రాయి దగ్గర తనే ఆపి, గట్టు మీద కూర్చుని, దాని వైపు చూశాడు. ఇంజన్ తాపీగా టిక్కు టిక్కుమంటూ చల్లారింది.

"ఆగిందా?" అన్నాడు పెద్దాయన, తిరిగి వచ్చాక.

"ఆగలేదు."

"మరి మొహం అలా పెట్టావేం? ఆగకపోతే మంచిదేగా."

"ఆగితే కదా పెద్దాయనా ఎందుకాగిందో చూసేది."

"నీ చేతిలో ఆగదయ్యా అది. నువ్వంటే భయం. మీ వదినంటే లోకువ."

బుధవారం కూడా అంతే. సాయంత్రం వదిన వచ్చేసరికి అతను బండిని తుడిచి ఎదురుచూస్తున్నాడు.

"ఏం తేలింది?"

"ఏమీ తేలలేదు. బాగుంది. అదే భయంగా ఉంది," అన్నాడు. "రేపు నువ్వు బయల్దేరేటప్పుడు నేనూ వెనకాలే వస్తాను."

"నువ్వా? రేపు నేను ముందే బయల్దేరతాను, నాలుగున్నరకే. నిన్ను లేపాలంటే మంచం ఎత్తి కింద పడేయాల్సి వచ్చేదని మీ అన్న చెప్పేవాడు."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. మాట అయ్యాక ఇద్దరూ కాస్త సేపు షెడ్డు బయట వెళ్తున్న లారీని చూశారు.

గురువారం అతను నాలుగున్నరకు ఐదు నిమిషాల ముందే ఆమె ఇంటి ముందున్నాడు. ముందు గదిలో ఓవెన్ వేడికి కిటికీ అద్దాలు చెమర్చి ఉన్నాయి. తలుపు గొళ్లెం మీద, స్విచ్చు మీద, గోడ గడియారం అంచు మీద కూడా పిండి. వదిన రొట్టెలను వరుసగా ట్రేలలో పేర్చి వెనక రేకు పెట్టెలోకి జరిపింది. రోగుల కోసం చేసిన మెత్తటి బన్నులను మాత్రం విడిగా గుడ్డసంచిలో వేసి, నలగకుండా ముందు ట్యాంకు మీద, తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"పెట్రోలుందా?" అన్నాడు.

"నిన్న సాయంత్రమే మూతి దాకా నింపించాను. ఆ వంక కూడా లేకుండా," అంటూ ఆమె ఉన్ని మఫ్లరు చెవుల మీదుగా రెండు చుట్లు చుట్టి, దానిమీద హెల్మెట్ బిగించింది.

దారి ఖాళీగా ఉంది. అతను తన బండి మీద నాలుగు బారల దూరంలో వెనకే పోతూ, ఆమె బండి చప్పుడు తప్ప ఇంకేదీ వినకుండా చెవులు రిక్కించాడు. బజారు దాటారు, రైలుగేటు దాటారు, వంతెన వచ్చింది. చప్పుడు ఒక్క తీరుగా ఉంది. ఎత్తు మొదలైంది. అప్పుడు విన్నాడు. బండి ఒకసారి దగ్గింది. కాస్త తేరుకుంది. మళ్లీ దగ్గింది, వెనక పెట్టెలో ట్రేలు గలగలమన్నాయి. మూడోసారి దగ్గి, తూలి, ఆగింది.

అతను తన బండిని పడేసినంత పని చేసి పరుగెత్తాడు. "దగ్గింది!"

"ఎవరు?"

"బండి! ఆగేముందు మూడుసార్లు దగ్గింది. టక్కున ఆగిందన్నావే!"

వదిన హెల్మెట్ తీసి, మఫ్లరు సడలించింది. "నాకేం వినపడలేదు."

"ఆ మఫ్లరు కట్టుకుంటే పక్కన తుపాకీ పేలినా వినపడదు."

"చెవుల్లోకి చలి పోతే నాకు పడదు. అది నీకూ తెలుసు." ఆమె గడియారం చూసుకుంది. "కంగారు పడకు. పది నిమిషాలకు అదే కదులుతుంది. అందుకే ఇవాళ ముందే బయల్దేరాను."

అతను అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని టార్చి నోట్లో పెట్టుకున్నాడు. కార్బురేటర్ కింది స్క్రూ వదులు చేశాడు. దాని అడుగు గిన్నెలోంచి పెట్రోలు ధారగా రావాలి. రెండు చుక్కలు పడ్డాయి. ట్యాంకు ట్యాపు చూశాడు, తెరిచే ఉంది. ట్యూబు లాగాడు. సన్నటి దారంలా వచ్చి, చుక్కలై, ఆగిపోయింది. మూతి దాకా నింపిన ట్యాంకు చుక్క విడవడం లేదు.

"తాళం," అని చెయ్యి చాచాడు. "ట్యాంకు మూత తీయాలి."

"నువ్వా?" అంది వదిన.

అతని చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఇరవై రెండేళ్ల అలవాటు అది. "నువ్వే తియ్యి," అన్నాడు.

ఆమె బన్నుల సంచి చంకన పెట్టుకుని తాళం తిప్పింది. మూత వెంటనే రాలేదు. లోపల ఎవరో పట్టుకున్నట్టు బిగిసి, ఆమె గట్టిగా లాగగానే ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. అదే క్షణాన కింద ట్యూబు పట్టుకున్న అతని చేతిమీద పెట్రోలు చల్లగా ధార కట్టింది.

అతను లేచి మూత తీసుకుని తిప్పి చూశాడు. లోపలి వైపు, మూతకు సరిగ్గా సరిపోయేటట్టు గుండ్రంగా కత్తిరించిన రబ్బరు బిళ్ల ఉంది. సైకిల్ ట్యూబులోంచి తీసింది. అంచు ఎక్కడా వంకర లేదు. ఎంతో శ్రద్ధగా చేసిన పని.

"ఇదేమిటి?"

"అదా," అంది వదిన. "అది బండికి సంబంధించింది కాదులే."

అతను మూతను టార్చి వెలుగులో ఆమె ముందుకు చాపాడు.

"రెండు నెలల కిందట, ఆస్పత్రికి వేయడం మొదలుపెట్టిన కొత్తలో, బన్నులకు పెట్రోలు వాసన వస్తోందని రోగులెవరో తినలేదట. ఇన్‌చార్జి నన్ను పిలిచి నలుగురిలో అడిగింది. తల కొట్టేసినట్టయింది. సంచి ట్యాంకు మీదే కదా పెట్టేది. చూస్తే మూతకు చిన్న కన్నం ఉంది, వాసన దాన్లోంచే వస్తోంది. రబ్బరు కత్తిరించి లోపల పెట్టాను. ఆ రోజు నుంచి వాసన లేదు."

"బండికి కొత్తగా ఏమైనా చేశావా అని అడిగాను కదా వదినా!"

"బండికేం చేయలేదు. బన్నులకు చేశాను."

అతను గట్టు మీద కూలబడి చెప్పాడు. పెట్రోలు కిందికి దిగితే ఆ చోటులోకి గాలి రావాలి. ఆ గాలి రావడానికే మూతకు కన్నం పెట్టారు. కన్నం మూస్తే ఏడు కిలోమీటర్లు వచ్చేసరికి ట్యాంకు బిగపట్టుకుంటుంది. నిండా పోయిస్తే ఇంకా తొందరగా బిగపట్టుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు ఏ సందులోంచో కాస్త గాలి దూరుతుంది, అందుకే పది నిమిషాలకు కదులుతుంది.

వదిన అంతా విని, "మరి నీ చేతిలో ఎందుకు ఆగలేదు?" అంది.

దానికీ జవాబు అతనికి అప్పుడే తట్టింది. అతను ఈ ట్యాంకులోని పెట్రోలుతో ఒక్క గజం కూడా నడపలేదు. అతని సీసాకు మూతే లేదు.

ఆ సంగతి చెప్పేసరికి వదిన ముందు ఆపుకోవాలని చూసింది. తర్వాత బన్నుల సంచిని గుండెకు అదుముకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "నువ్వేమో పెట్రోలు ముట్టవు, నేనేమో వాసన పడనివ్వను. మన శుభ్రాలు మండిపోను. మధ్యలో పాపం ఆ కాయిల్ ఏం చేసింది?"

రబ్బరు తీసి జేబులో వేసుకున్నాడు. బండి మొదటి కిక్కుకే లేచింది. మళ్లీ వాసన పట్టకుండా బన్నుల సంచిని తన బండికి మార్చుకున్నాడు. ఆరింటికల్లా ఆస్పత్రి వెనక గేటు దగ్గరున్నారు. వంటగది ఇన్‌చార్జి గడియారం చూసి, ట్రేలు చూసి, అనడానికి ఏమీ దొరక్క, "ఇవాళ ముందే వచ్చారే," అని లోపలికి పోయింది.

గేటు పక్కన బల్ల మీద కూర్చుని ఇద్దరూ టీ తాగారు. మెకానిక్కుకు ప్రాణం తేలికపడ్డట్టుంది.

"షోరూముకు నేను ఫోన్ చేసి చెప్తానులే," అన్నాడు.

"ఏమని?"

"బండి బాగైంది, ఇవ్వడం లేదని. సంచికి వెనక ఒక కొక్కెం పెట్టిస్తే వాసన గొడవ కూడా ఉండదు."

వదిన గ్లాసులోకి చూస్తూ, "ఇచ్చేస్తాను," అంది.

"ఇంక ఆగదు వదినా. నా మాట నమ్ము."

"నమ్మాను. గట్టు మీద నీ సీసా సంగతి విని నవ్వానా? నవ్వాక ఏమైందో తెలుసా? బాగైంది కాబట్టి ఇంక దీన్ని ఉంచుకోవాలి కదా అనిపించింది. ఇంకో పదేళ్లు తుడవాలి, మబ్బు పడితే పరదా కప్పాలి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "పదిహేనేళ్ల నుంచి దీన్ని నడుపుతున్నానా, ఎవరైనా అడిగితే మా ఆయన బండి అనే చెప్తాను. నా బండి అని ఒక్కసారి నోరు తిరగలేదు. అది ఆగడం మొదలుపెట్టాక, పోనీలే, పాడైంది, ఇచ్చేస్తే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు అనుకున్నాను. నాకు నేను కూడా. నువ్వు ఆ వీలు లేకుండా చేశావు."

మెకానిక్కు జేబులోంచి రబ్బరు బిళ్ల తీశాడు. "మళ్లీ పెట్టేయనా?"

వదిన నవ్వేసరికి టీ ఒలికి కొంగు మీద పడింది. తుడుచుకుంటూ, "వద్దు," అంది. "పాడైందని వదిలించుకోవడం వేరు. బాగున్నదాన్ని, ఇదిగో తీసుకోండి అని ఇవ్వడం వేరు. ఇచ్చేటట్టయితే ఇలాగే ఇవ్వాలి."

అతనికి అడగాలనిపించింది ఒక్కటే. అన్న వస్తే? ఆ మాట పదిహేనేళ్లలో ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడూ అతను అనలేదు. ఖాళీ గ్లాసులు రెండూ తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

ఆ మధ్యాహ్నం బండిని షెడ్డుకు తెచ్చుకుని ఆయిలు మార్చాడు, చెయిన్ కడిగి బిగించాడు, హారన్ చిన్నగా పలుకుతుంటే సరిచేశాడు. "ఇచ్చేసే బండికి ఇదంతా ఎందుకయ్యా?" అన్నాడు పెద్దాయన. తర్వాత ఆయనే లేచి వచ్చి రెండు చక్రాలకూ గాలి చూసి వెళ్లాడు.

శుక్రవారం పదకొండింటికి ఇద్దరూ ఆ బండి మీదే షోరూముకు వెళ్లారు. అతను నడిపాడు, ఆమె వెనక కూర్చుంది. పాత బండ్లు చూసే మనిషి స్టార్టు చేసి, చెవి దగ్గరగా పెట్టి, రెండుసార్లు యాక్సిలరేటరు గట్టిగా తిప్పాడు.

"ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?"

"మొన్నటిదాకా ఒకటుండేది. అది బండిది కాదు, నాది," అంది వదిన.

అతనికి అర్థం కాకపోయినా తల ఊపి, "ఇంత పాత బండి ఇంత నీటుగా ఉండటం నేను చూడలేదు. ఎవరిదమ్మా?" అన్నాడు.

మెకానిక్కు గోడమీద రంగుల కాగితం చదవసాగాడు.

"నాదే," అంది వదిన. తాళం తీసి అతని చేతిలో పెట్టింది.

కొత్త స్కూటర్‌కు గేర్లు లేవు. ఆమె ఎడమ కాలు కాసేపు లేని గేరు కోసం వెతికింది. షోరూము మనిషి మెకానిక్కు నల్లటి గోళ్ల వైపు చూస్తూ, సర్వీసు తమ దగ్గరే చేయించాలని, బయట విప్పితే గ్యారంటీ పోతుందని మర్యాదగానే చెప్పాడు.

"తెలుసు," అన్నాడు మెకానిక్కు.

"ఎక్కు, షెడ్డు దగ్గర దింపుతాను," అంది వదిన. అతను వెనక కూర్చున్నాడు. గేటు దగ్గర ఆమె ఆగి అద్దం సరిచేసుకుంది. కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ సేపే సరిచేసుకుంది. అద్దంలో పాత బండి హెడ్‌లైటు ఎండకు మెరుస్తోంది. తర్వాత స్కూటర్ పెద్దగా చప్పుడు లేకుండా రోడ్డెక్కింది.

రెండు వీధులు దాటారు.

"ఓవెన్ తలుపు నెల రోజుల నుంచి సరిగా పడటం లేదు," అంది వదిన, మొహం తిప్పకుండా. "ఆదివారం వచ్చి చూడు."

"తలుపులు నా పని కాదు వదినా. వెల్డింగు అతన్ని పంపిస్తాను."

"వెల్డింగు అతను నాకేమవుతాడు?"

ఎదురుగా సిగ్నలు ఎర్రబడింది, స్కూటర్ ఆగింది.

"పై కీలు వదిలిందా, కింది కీలా?" అని అడిగాడు.